సంక్రాంతి దాటదన్నారు: ఇంటి దగ్గర చూసిన ఒక కేసు

ఈ కేసులో నేను రెండు తప్పులు చేశాను. మొదట ఆ మనిషి ఇంకెన్ని రోజులు బతుకుతుందో లెక్కగట్టి చెప్పాను. అది తప్పని తేలాక భయపడి అసలేమీ చెప్పడం మానేశాను. రెండో తప్పు వల్లే ఎక్కువ నష్టం జరిగిందని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఆ కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరు, వయసు, ఇంట్లో కొన్ని వరసలు మార్చాను. జబ్బు, మందులు, మోతాదులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఇల్లు, మనిషి

ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గర్లో ఒక పల్లె. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం మద్రాసు నుంచి విడిపోయి అటు కలిసింది గానీ, చాలా ఇళ్లలో మాట మాత్రం తెలుగే. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, శ్రీకాకుళం జిల్లా. పెళ్లిళ్లు, సంతలు, పురోహితులు రెండు వైపులా ఒకటే. కాగితాలు మాత్రం వేరు. ఈమెకు ఒడిశా హెల్త్ కార్డు ఉంది. కూతురిని అటువైపు ఇచ్చారు కాబట్టి ఆ పిల్లకు ఆరోగ్యశ్రీ ఉంది. తల్లి పేరు అందులో ఉండదు. ఆసుపత్రి కాగితాలు కొన్ని ఒడియాలో, కొన్ని ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లిద్దరికీ ఏ అక్షరాలూ రావు.

ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. అంగిలి క్యాన్సర్. ప్రపంచంలో చాలా చోట్ల అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. మా వైపు అరుదు కాదు, ఎందుకంటే మా వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని మూతి మూసేస్తారు. పొగ, వేడి రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. గాలికి ఆరిపోదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, నాట్లేస్తూ కూడా చేతులు ఖాళీగా ఉంటాయి. ఎందుకు తాగుతారమ్మా అంటే చెప్పే కారణాలివే. ఈమెకు పెళ్లయిన కొత్తలో అత్తగారు అలవాటు చేసిందట.

పెద్ద ఆసుపత్రిలో ముక్క పరీక్ష చేశారు, ముప్పై రోజులు కరెంటు (రేడియేషన్) పెట్టారు. తొమ్మిది నెలలు బాగానే ఉంది. తర్వాత పుండు మళ్లీ లేచి బుగ్గ దాకా వచ్చింది. కార్తీక మాసంలో అక్కడి డాక్టరు పెద్ద కొడుకును పక్కకు పిలిచి, "ఇంటికి తీసుకుపో. సంక్రాంతి దాటదు" అన్నారు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చారు. చివరి దశ రోగులను ఇంటికెళ్లి చూసుకునే మా బృందానికి కబురు వచ్చింది ఆ తర్వాతే. బృందం అంటే డాక్టరుగా నేను, ఒక సిస్టర్, ఒక బండి, అంతే.

మొదటి సందర్శన

ఆమె సమస్యలు వరసగా చెబితే నొప్పి, వాసన, తిండి. కుటుంబాన్ని అడిగితే మాత్రం ఒకటే ప్రశ్న: ఇంకెన్నాళ్లు?

వాసనతో మొదలుపెట్టాం. నొప్పి ముందు కదా అనిపించొచ్చు. కానీ వాసన వల్ల పక్కింటివాళ్లు రావడం మానేశారు, మనవరాలు మరో గదిలో పడుకుంటోంది. మెట్రోనిడజోల్ మాత్రలు పొడిచేసి గాజుగుడ్డతో పుండు మీద అద్దడం సిస్టర్ కోడలికి నేర్పింది. నాలుగైదు రోజుల్లో వాసన సగానికి తగ్గింది. ఖర్చు చాలా తక్కువ. ఇంత తేలిక పనిని అప్పటిదాకా ఎవరూ చెప్పకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

పుండు రక్తనాళం మీదకు వెళ్తే ఒక్కసారిగా రక్తం పోవచ్చు. ఆ భయంతో రెండు ముదురు ఎరుపు తువ్వాళ్లు మంచం కింద ఉంచమన్నాం. తెల్లగుడ్డ మీద కనిపించేంత భయంకరంగా ఆ రంగు మీద రక్తం కనిపించదు. ఆ తువ్వాళ్ల అవసరం చివరిదాకా రాలేదు.

నొప్పికి నోటి మార్ఫిన్, నల్లమందు నుంచి తీసే మందు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వచ్చాక దేశంలో చాలా ఆసుపత్రులు ఈ మందు ఉంచుకోవడమే మానేశాయి. 2014లో సవరణ వచ్చి నియమాలు సులువయ్యాయి గానీ భయం అంత త్వరగా పోలేదు. ఇచ్చే ప్రతి మాత్రా రిజిస్టర్‌లో రాసుకోవాలి, మిగిలినవి లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి. ఈ లెక్క గోల మాకు విసుగే. ఈ కేసులో మాత్రం ఆ లెక్కే మమ్మల్ని కాపాడింది.

నాలుగు గంటలకోసారి 5 మిల్లీగ్రాములు, అంటే 10 మిల్లీగ్రాముల మాత్రలో సగం. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు. రాత్రి పదికి రెట్టింపు, అంటే ఒక మాత్ర మొత్తం. దాంతో రాత్రి రెండింటికి లేపక్కర్లేదు. రోజుకు మూడు మాత్రలు, పద్నాలుగు రోజులకు నలభై రెండు.

ఇంట్లో గోడ గడియారం ఉంది, కానీ మందు ఇచ్చే ముసలాయనకు, అంటే ఆమె భర్తకు, దాన్ని చూడటం రాదు. అందుకని టైములను ఇంటి పనులకు ముడిపెట్టాం. ఆవు పాలు పితికినప్పుడు ఒకటి, స్కూల్ గంట కొట్టినప్పుడు ఒకటి, గుణుపురం రైలు కూతేసినప్పుడు ఒకటి, దీపం పెట్టినప్పుడు ఒకటి. ఈ ఏర్పాటు చూసుకుని నేను చాలా మురిసిపోయాను. వారం తిరక్కుండానే కూలిపోయింది. ఆదివారం బడి లేదు. రైలు ఒకరోజు గంటన్నర లేటు, ఆ గంటన్నరా ఆమె మూలుగుతూనే ఉంది. "2004 దాకా చిన్నరైలు ఉండీది బాబూ, అది టయానికే వచ్చీది" అన్నాడు ముసలాయన. ఆ మాట నిజమో కాదో నాకు తెలీదు. చివరికి ఆరో తరగతి చదివే మనవరాలు పాత బటన్ ఫోనులో ఐదు అలారాలు పెట్టింది. ఆ తర్వాత ఒక్క పగటి మాత్ర కూడా తప్పలేదు.

తొమ్మిది మాత్రలు

రెండు వారాలకు మళ్లీ వెళ్లాం. పగలు పర్వాలేదు, తెల్లవారుజామున మాత్రం నొప్పి భరించలేకుండా ఉందన్నారు. పుండు పెరిగింది, మోతాదు చాలడం లేదు అనుకున్నాను. అలా అనుకోవడం సహజమే. రెట్టింపు చేస్తూ చీటీ రాసేశాను కూడా.

సిస్టర్ రిజిస్టర్ కోసం మాత్రలు లెక్కపెడుతోంది. "సార్, తొమ్మిది ఉన్నాయి" అంది. ఒక్కటి కూడా మిగలకూడదు. ముసలాయన తల దించుకున్నాడు. ఆమె రాత్రి ఎనిమిదిన్నరకే నిద్రపోతుంది. పదింటికి అలారం మోగుతుంది. "నిద్దరోతంటే లేపడానికి పేనం ఒప్పలేదు బాబూ." తొమ్మిది రాత్రులు రాత్రి మాత్ర ఇవ్వలేదు. సాయంత్రం ఆరు నుంచి తెల్లవారు ఆరు దాకా మందే లేదు. తెల్లవారుజామున నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం.

చీటీ చించేశాను. రాత్రి మాత్రను ఎనిమిదికి, అన్నం తిన్న వెంటనే ఇమ్మన్నాను. మోతాదు పెంచకుండానే తెల్లవారుజాము నొప్పి పోయింది. సరిగ్గా వేసుకోని మందుకు మోతాదు పెంచితే, మర్నాటి నుంచి అన్నీ సరిగ్గా వేసుకున్నప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. మేం మాత్రలు మొదట లెక్కపెట్టి, తర్వాత చీటీ రాయడం అప్పటి నుంచే మొదలైంది.

పుష్యంలో జరిగింది

తర్వాత నెలన్నరలో పుండు నిజంగానే పెరిగింది. మోతాదు మెల్లగా పూటకు 10 మిల్లీగ్రాములకు చేరింది. సంక్రాంతికి వారం ముందు ఫోన్ వచ్చింది: మత్తుగా పడుంది, కళ్లు తెరవడం లేదు, చేతులు ఉండుండి ఎగిరిపడుతున్నాయి, రెండ్రోజులుగా వాంతులు.

వెళ్లి చూశాను. పిలిస్తే పలుకుతోంది, మళ్లీ మత్తులోకి పోతోంది. ఆ గుమ్మంలో నిలబడి ఏమనుకున్నానో ఇక్కడ నిజం రాయాలి. సంక్రాంతి దాటదన్నారు, సంక్రాంతి వచ్చేసింది. అంతే. ఇంకొకరు ఎప్పుడో చెప్పిన తేదీ నా కళ్లకు అద్దాల్లా అడ్డం పడింది. పెద్ద కొడుకు అడిగాడు. "వారం, మహా అయితే పది రోజులు. రావాల్సినవాళ్లని పిలిపించుకోండి" అన్నాను.

సిస్టర్ చాలాసేపు ఏమీ అనలేదు. బండెక్కబోతూ కోడలిని అడిగింది: "దొడ్డికి వెళ్లి ఎన్నాళ్లయింది?" ఎనిమిది రోజులు.

మార్ఫిన్ ఇస్తే మలబద్ధకం వచ్చి తీరుతుంది. లాక్టులోజ్ సీసా మొదటి రోజే ఇచ్చాం. వాడటం ఆపేశారు. రాత్రిపూట విరేచనం వస్తే ఇద్దరు మోసుకుంటూ పెరట్లోకి తీసుకెళ్లాలి. ఆమెకు సిగ్గు, వాళ్లకు కష్టం. మలం గట్టిపడి వాంతులయ్యాయి, వాంతులతో ఒంట్లో నీరు తగ్గింది, నీరు తగ్గి మూత్రం తగ్గింది. మార్ఫిన్ విరిగి తయారయ్యే పదార్థాలు బయటికి పోయేది మూత్రంలోనే. అవి ఒంట్లో పేరుకుంటే మత్తు, చేతులు ఎగిరిపడటం. నేను చావు లక్షణం అనుకున్నది మందు లక్షణం.

వెనక్కి తిరిగి లోపలికి వెళ్లాం. రెండు పూటలు మార్ఫిన్ ఆపి, తర్వాత సగం మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాం. ఎనిమా ఇచ్చాం. వాంతులకు రాత్రిపూట కొద్దిగా హాలోపెరిడాల్. నరం దొరక్క పొత్తికడుపు చర్మం కింద సన్నసూది పెట్టి, రాత్రంతా బొట్టుబొట్టుగా లీటరు సెలైన్. అలా రెండు రాత్రులు. ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో రంధ్రం కోసి, కింద బకెట్ పెట్టి మంచం పక్కనే ఉంచాం. నాలుగో రోజు ఆమె లేచి కూర్చుని తరవాణి అడిగింది.

ఈలోగా సూరత్‌లో మగ్గం మీద పనిచేసే చిన్న కొడుకు జనరల్ బోగీలో నిలబడి వచ్చేశాడు. పాతపట్నం వైపు నుంచి చుట్టాలు ఆటోల్లో దిగారు. అందరూ ఏడుపుకు సిద్ధపడి వస్తే ఆమె కూర్చుని అంబలి తాగుతోంది. సంక్రాంతి దాటింది. పండగ బాగా జరిగింది. ఆమె కోడలిచేత అరిసెలు వండించింది, తను ఒక్క ముక్క కూడా మింగలేకపోయినా.

పదిహేను రోజులున్నాక చిన్న కొడుకు నా దగ్గరికొచ్చాడు. "సేటు ఇంకొకడ్ని పెట్టీసుకున్నాడంట. అమ్మ బాగుంది, సంతోసమే. నాను ఉండాలా, ఎల్లాలా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. మాఘంలో వెళ్లిపోయాడు.

డాక్టర్లు చెప్పే గడువుల గురించి 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో 343 మంది డాక్టర్లు, 468 మంది చివరి దశ రోగుల గురించి చెప్పిన అంచనాలవి. దాదాపు సరిపోయినవి నూటికి ఇరవై. అరవై మూడు శాతం ఉన్నదానికంటే ఎక్కువ చెప్పినవి. నాలా తక్కువ చెప్పినవి పదిహేడు శాతం. నేను ఆ అధ్యయనాన్ని శిక్షణ తరగతుల్లో చెప్పేవాడిని కూడా. తెలిసినంత మాత్రాన ఏమీ ఆగలేదు.

నోరు మూసుకున్న కాలం

ఆ తర్వాత ఎవరడిగినా "అది మన చేతుల్లో లేదు" అనడం మొదలుపెట్టాను. వినడానికి వినయంగా ఉంటుంది. నిజానికి అది తప్పించుకోవడమే. మన చేతుల్లో లేదని వాళ్లకు తెలీదా?

ఆమెకు ఏమీ చెప్పొద్దని పెద్ద కొడుకు మొదటి రోజే మాట తీసుకున్నాడు. నేను ఒప్పుకోలేదు, కాదనలేదు. "తనంతట తను అడిగితే అబద్ధం చెప్పను" అన్నాను. ఆమె నన్ను అడగలేదు. మాఘం చివర్లో సిస్టర్‌ను అడిగింది, అదీ చింతపండు గురించి. కొండల మీంచి సవర గిరిజనులు కొత్త చింతపండు దించే రోజులవి. ఏటా కొని, ఒలిచి, ఉప్పేసి కుండలకెత్తేది ఈమే. "ఈయేడు నా సేత్తో ఎత్తగలనా అమ్మా, కోడలికి ఇప్పుడే నేర్పీమంతావా?"

సిస్టర్ చెప్పింది: "నేర్పీమ్మా."

అంతే జరిగింది. ఆమె ఏడవలేదట. మర్నాడు కోడలిని కూర్చోబెట్టి ఎంత పండుకు ఎంత ఉప్పో చెప్పింది. ఎవరికెంత బాకీ ఉందో, నల్లపూసలు ఎవరికో, పెట్టెలో ఏ చీర తన మీద కప్పాలో చెప్పింది. నాలుగు నెలలుగా ఇంటిల్లిపాదీ దాచిన సంగతి ఆమెకు ముందే తెలుసు. ఆమెకు కావలసింది తేదీ కాదు, పని అప్పగించే సమయం వచ్చిందా లేదా అన్నది. "ఎన్నాళ్లు" అని అడిగినవాళ్లను "ఏ పని మిగిలిపోయింది" అని తిరిగి అడగాలని నాకు ఆ చింతపండు నేర్పింది. ఆ మాట అడిగి ఉంటే సూరత్ కుర్రాడి సంగతి కూడా పుష్యంలోనే తేలేదేమో.

శివరాత్రి వెళ్లాక ఒకరోజు చుట్ట అడిగింది. పెద్ద కొడుకు మండిపడ్డాడు. తల్లిని చుట్టే చంపుతోందని ఇంట్లో ఉన్నవన్నీ ఏనాడో పొయ్యిలో పెట్టాడు. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను లెక్కేసుకున్నది ఇది: క్యాన్సర్ పరంగా ఇప్పుడు ఒక చుట్ట వల్ల పోయేదేమీ లేదు. దగ్గు రావచ్చు, పుండు నుంచి రక్తం రావచ్చు. నిప్పు కొస లోపల పెట్టుకుంటే కాలడం ఖాయం. కొడుకు కోపం కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే, ఎందుకంటే రేపు తల్లి పోయాక ఆ ఇంట్లో ఉండేది అతను. అడ్డపొగ వద్దు, మామూలుగా అయితే ఒకసారి పర్లేదన్నాను. ముసలాయన వెలిగించి తను రెండు దమ్ములు లాగి, ఆమె పెదాల మధ్య పెట్టాడు. కొడుకు వీధిలోకి వెళ్లిపోయాడు. ఆమె ఒకసారి పీల్చి, దగ్గి, తీసేయమంది. "రుచే తెలీడం నేదు." కరెంటు పెట్టినప్పుడే నాలుక రుచి చాలావరకు పోయింది. ఆ సంగతి చుట్ట దగ్గరకొచ్చాక గానీ ఆమెకు పూర్తిగా తెలిసినట్టు లేదు.

పంచ మీదికి

ఫాల్గుణంలో మార్పు కనిపించింది. నేను ఇప్పుడు వాడే లెక్క పెద్దవాళ్లు నేర్పిందే, కొత్తది కాదు. మనిషి నెల నెలకూ తగ్గుతుంటే మిగిలింది నెలల్లో ఉంటుంది, వారం వారానికీ తగ్గుతుంటే వారాల్లో, రోజు రోజుకూ తగ్గుతుంటే రోజుల్లో. దానికి ముందు ఒక షరతు ఉంది: తిప్పగలిగే కారణం ఏదీ లేదని చూసుకోవాలి. ఈసారి చూశాం. మలం మామూలే, మాత్రల లెక్క సరిపోయింది, చేతులు ఎగరడం లేదు, జ్వరం లేదు. సోమవారం గ్లాసెడు తాగింది, మంగళవారం సగం, బుధవారం రెండు చెంచాలు.

బుధవారం పెద్ద కొడుకుతో "రోజులు" అన్నాను. ఎన్ని అని అడగలేదు. అతను అడిగింది ఇంకొకటి: "బాబూ, ఆదివారం నుంచి పంచకం నడస్తంది. శుక్రవారం పొద్దుటితో ఎల్లిపోద్దంట. ఏటి చెయ్యమంటారు?"

ధనిష్ఠా పంచకం. ధనిష్ఠ రెండో సగం నుంచి రేవతి దాకా చంద్రుడు ఉండే నాలుగైదు రోజులు నెలకోసారి వస్తాయి. ఆ రోజుల్లో మనిషి ఇంట్లో పోతే ఇల్లు ఆరు నెలలు మూసేయాలని నమ్మకం. వాళ్లకున్నది రెండు గదుల ఇల్లు. మూసేస్తే ఆరుగురు, ఒక ఆవు ఎక్కడికి పోవాలి? చావబోయే మనిషిని నక్షత్రం కోసం బయటపడేస్తారా అని నాకు ముందు చిరాకేసింది. బయటికి అనలేదు, అది నా అదృష్టం. పశువులశాలలో పడుకోబెడతారేమోనని భయం కూడా వేసింది.

సిస్టర్ ముసలామెనే అడిగింది. ఆమె చేయెత్తి వీధి పంచ చూపించింది.

పైన పెంకు ఉంది, మూడు వైపుల టార్పాలిన్ కట్టారు, నులకమంచం వేశారు. చూస్తే అది ఇంటికంటే మంచి చోటు. గాలి ఆడి వాసన తగ్గింది. రోడ్డు కనిపిస్తుంది. లోపలికి రావడానికి మొహమాటపడినవాళ్లంతా అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టారు. మనవరాలు మంచం పక్కనే హోంవర్క్ చేసుకుంది. నేను మూఢనమ్మకం అనుకున్నది నేను నాలుగు నెలల్లో చేయలేని పని చేసింది.

మింగలేకపోవడంతో మార్ఫిన్ సూదికి మార్చాం. చర్మం కింద అయితే నోటి మోతాదులో సగం చాలు. సన్నసూది అలాగే ఉంచి, నింపిన సిరంజిలు ఇచ్చి, కూతురికి నేర్పాం. ఆ పిల్ల చెయ్యి నా చెయ్యికంటే నిదానం.

గురువారం సెలైన్ గొడవ వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ బాటిల్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను వద్దన్నాను. పెద్ద కొడుకు గొంతు పెంచాడు: "పండక్కి ముందర బాటిల్ పెడితే లేచి కూకుంది. ఇప్పుడెందుకు వద్దంతన్నారు?" అతని వాదనలో తప్పులేదు. అప్పుడు పెట్టింది నేనే. అప్పుడు నీరు తగ్గడం వల్ల మత్తు వచ్చింది, ఇప్పుడు ఒళ్లు ఆగిపోతోంది కాబట్టి నీరు అక్కర్లేదు అని చెప్పాను. 2013లో అచ్చయిన ఒక ప్రయోగం సంగతి కూడా ఎత్తాను. చివరి దశ క్యాన్సర్ రోగులు 129 మందిలో కొందరికి రోజుకు లీటరు, కొందరికి 100 మిల్లీలీటర్లు ఎక్కించి చూస్తే బాధల్లో తేడా రాలేదని. అరుగు మీద నిలబడి ఒక కొడుక్కి అధ్యయనాలు వినిపించిన నా తెలివికి సిస్టర్ తల కొట్టుకుని ఉంటుంది.

చివరికి చేసింది ఇది. అర లీటరు, చర్మం కింద, ఆ ఒక్క రాత్రి. ముందే ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం: తెల్లారేసరికి కళ్లు తెరిస్తే కొనసాగిద్దాం, గొంతులో గురగుర మొదలైతే ఆపేద్దాం. తెల్లారేసరికి గురగుర మొదలైంది. సూది అతనే తీశాడు. నేను తీసి ఉంటే, తీసి చంపానని జీవితాంతం అనుకునేవాడు. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టాం, గ్లైకోపైరోలేట్ ఒక డోసు ఇచ్చాం, చప్పుడు చాలావరకు తగ్గింది. తడి దూది, చెంచా కొసతో కొబ్బరినీళ్ల బొట్లు. అది కోడలు, కూతురు వంతులు వేసుకుని చేశారు. ఆసుపత్రికి పోదామని ఎవరూ అనలేదు. కుండల లెక్క చెప్పిన రోజే ఆమె ఆ మాట కూడా చెప్పింది: ఇల్లు కదలనని.

పంచకం శుక్రవారం పొద్దున వెళ్లింది. లోపలికి మారుస్తారా అని అడిగితే ముసలాయన వద్దన్నాడు. శనివారం తెల్లవారుజామున పోయింది. మంచం మీంచి దించి గడ్డి మీద పడుకోబెట్టారు, తులసి నీళ్లు పోశారు. మనవరాలి ఫోనులో ఆరింటి అలారం మోగిందని, ఎవరూ ఆపలేదని కూతురు తర్వాత చెప్పింది.

మిగిలింది

చిన్న కొడుకు అందుకోలేదు. బుధవారం నేను "రోజులు" అన్నాక కూడా అన్న ఫోన్ చేయలేదు. శుక్రవారం సాయంత్రం చేశాడు. తమ్ముడు ఫోనులోనే మాట్లాడాడు, స్పీకర్ పెట్టి తల్లి చెవి దగ్గర ఉంచారు. ఆమె కనురెప్పలు కదిలాయని కొందరు, లేదని కొందరు. అతను ఊళ్లో దిగేసరికి చిన్నకర్మ.

పెద్దకర్మ అయ్యాక ఒకరోజు వెళ్లాం, మిగిలిన మాత్రలు వెనక్కి తీసుకోవడానికి, వాళ్లను చూడటానికి. మా పద్ధతుల్లో కొన్ని అప్పటికే మారాయి. తేదీ చెప్పం, అలాగని ఊరుకోం. మార్పు ఏ వేగంతో వస్తోందో చెబుతాం, దూరంగా ఉన్నవాళ్లతో మేమే ఫోనులో మాట్లాడతాం, ఇంట్లోవాళ్ల మీద వదిలేయం. ఈ చివరిది ఈ ఇంటి వల్లే వచ్చింది.

సిస్టర్ అరుగు మీద కూర్చుని మాత్రలు లెక్కపెడుతోంది. చిన్న కొడుకు నా పక్కన నిలబడి అడిగాడు: "బుధవారం బయల్దేరి ఉంటే అందుకుందునా బాబూ?"

లెక్క ఎవరైనా వేయగలరు. అందుకునేవాడే. అన్న గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు.

"అందుకునేవాడివే" అన్నాను. "కానీ సంక్రాంతికి ముందు వారం, పది రోజులని చెప్పి నిన్ను రప్పించింది నేను. మళ్లీ అలాగే అవుతుందేమోనని మీ అన్న ఆగాడు. ఆపింది నా మాట."

అతను ఏమీ అనలేదు. అన్న లోపలికి వెళ్లాడు.

"పదకొండు" అంది సిస్టర్. రిజిస్టర్‌తో సరిపోయింది. ఎప్పుడూ ముసలాయన వేలిముద్ర వేసే చోట ఆ రోజు చిన్న కొడుకు సంతకం పెట్టాడు, ఒడియాలో.